నాన్నగారి ట్రాక్టరు నడవాలా, నిలబడితే చాలా?

పెందుర్తి సమీపంలో సొంత ఇంట్లో ఉంటున్న అరవై రెండేళ్ల పాఠకులొకరు, పేరు వెల్లడించవద్దన్న షరతుతో, పదకొండు పేజీల ఉత్తరం పంపారు. విశాఖపట్నంలోని ఒక పెద్ద కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు మెయింటెనెన్స్ ఫిట్టరుగా పనిచేసి, రెండేళ్ల కిందట పదవీ విరమణ చేశారు. స్వగ్రామం చోడవరం వైపు. వారి తండ్రి 1979లో బ్యాంకు అప్పు మీద కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు ఇరవై ఏళ్లకు పైగా ఆ ఊరి మళ్లలో దమ్ము చేసింది, గోవాడ చక్కెర కర్మాగారానికి చెరకు తోలింది, పెళ్లిళ్లకు జనాన్ని మోసింది. 2011లో తండ్రి కాలం చేశాక బండి పశువుల పాక పక్కన రేకుల షెడ్డులో ఆగిపోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు ఆ రేకులు ఎగిరిపోయాయి, మళ్లీ ఎవరూ వేయించలేదు. పదేళ్లు ఎండకూ వానకూ నిలబడిన ఆ బండిని నిరుడు తమ్ముడు పాత ఇనుము వ్యాపారికి ఇచ్చేయబోతుంటే, ఈయన లారీ మాట్లాడుకుని పెందుర్తి తెచ్చుకున్నారు.

తెచ్చింది మొదలు ఇప్పటివరకు 1,85,000 రూపాయలు ఖర్చయింది. లారీ బాడుగ, ఇంటి ముంగిట రేకుల పందిరి, రేడియేటరు, బ్యాటరీ, నాలుగు కొత్త టైర్లు, కొన్ని పనిముట్లు కలిసి ఆ మొత్తం. ఇందులో భార్యకు తెలిసింది 1,10,000 మాత్రమే. ఇంజను ఇంకా తిరగడం లేదు, జామ్ అయి ఉంది. ఒక మెకానిక్కు మొత్తం విప్పి బోరింగు, అంటే సిలిండర్ల లోపలి గోడలు చెక్కి సరిచేయడం, చేయించాలన్నాడు. మరొకాయన, పాత ఇంజనుతో కుస్తీ ఎందుకు, వేరే బండి నుంచి తీసిన నడుస్తున్న ఇంజను తెచ్చి బిగిద్దామన్నాడు. రోజూ గ్రైండరుతో పాత రంగు గీకుతుంటే పక్కింటివారు ధూళి గురించి, చప్పుడు గురించి రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లారు. మెరుస్తున్న బానెట్టు ఫొటో చూసిన తమ్ముడు, అందులో తన వాటా సంగతి ఏమిటని ఫోనులో అడిగాడు. పెద్ద కుమార్తె మొదటి కాన్పుకు డిసెంబరులో పుట్టింటికి రాబోతోంది. భార్య రెండు నెలలుగా అవసరానికి మించి మాట్లాడడం లేదు. ఆమె చివరిసారి గొంతు పెంచి అన్న మాటను ఆయన ఉన్నదున్నట్టు రాశారు: "ముప్పై నాలుగేళ్లు షిఫ్టులని ఇంట్లో లేరు. ఇప్పుడు ఇంట్లో ఉండి కూడా లేరు."

"నేను తాగను, పేకాట ఆడను. మా నాన్న బండిని బాగుచేసుకుంటున్నాను. ఇది తప్పా? ఆపేయాలా?" అన్నది వారి ప్రశ్న.

అయ్యా, మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. పదకొండు పేజీలలో ఎనిమిది పేజీలు ట్రాక్టరు గురించే ఉన్నాయి, మీ శ్రీమతి గారి ప్రస్తావన మొదటిసారి వచ్చింది ఆరో పేజీలో. దీన్ని ఎత్తిపొడుపుగా అనడం లేదు. ఏ నట్టు ఏ పరిమాణమో గుర్తుపెట్టుకుని రాయగలిగిన మనిషి, ఇంట్లో మాటలు ఏ రోజు ఆగాయో మాత్రం "రెండు నెలల కింద అనుకుంటాను" అని రాశారంటే, ఆమె అన్న మాటలో నిజం ఎంత ఉందో మీ ఉత్తరమే చెబుతోంది. ఆమె ట్రాక్టరును తిట్టలేదు. మీ నాన్నగారిని తక్కువ చేయలేదు. మీరు కనబడడం లేదని మాత్రమే అన్నారు.

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. తండ్రి బండిని బాగుచేసుకోవడం తప్పు కాదు. తెలియకుండా ఖర్చుపెట్టిన 75,000 మాత్రం తప్పు, అది ట్రాక్టరు మీద కాక దేని మీద పెట్టినా అంతే తప్పయ్యేది. ఈ రెండూ మీ మనసులో ఒకే ముద్దగా కలిసిపోవడం వల్ల, ఆమె డబ్బు గురించి ఏదైనా అంటే మీకు నాన్నగారిని అన్నట్టు వినిపిస్తోంది. ముందు ఆ రెండింటినీ విడదీయాలి.

డబ్బు విషయంలో మీకు రెండు దారులున్నాయి. బిల్లులన్నీ ఒక చోట చేర్చి, పనిముట్లతో సహా మొత్తం లెక్క ఒకే పూటలో ఆమె ముందు పెట్టవచ్చు. అలా చేస్తే వారం పది రోజులు ఇంట్లో వాతావరణం ఇప్పటికన్నా చెడుతుంది, బహుశా మీ అమ్మాయికి కూడా ఫోను వెళుతుంది. రెండో దారి చెప్పకుండా ఉండిపోవడం. అప్పుడు డిసెంబరులో కాన్పు ఖర్చుల కోసం పాస్‌బుక్కు తీసినప్పుడు ఆమెకే తెలుస్తుంది, అదీ కూతురూ అల్లుడూ ఇంట్లో ఉండగా. ఏ గొడవ ఎప్పుడు రావాలో ఎంచుకునే అవకాశం ఇప్పటికింకా మీ చేతిలోనే ఉంది. నేను మీ స్థానంలో ఉంటే మొదటిదే ఎంచుకుంటాను. అయితే చెప్పేటప్పుడు "ఇంకా ఇంత కావాలి" అన్న మాట అదే పూట ఎత్తకండి. తరువాత నెలకు ఇంత అని ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం పక్కన పెట్టి, ఒక నోటుబుక్కులో పద్దు రాసి వంటింటి అలమారలోనే ఉంచండి. ఆమె దాన్ని తెరిచి చూడకపోవచ్చు. చూడాలనుకుంటే దొరికేచోట ఉండడమే ముఖ్యం.

మరొక మాట. ఆమెకు ట్రాక్టరు మీద ఇష్టం పుట్టించాలని మీరు ఉత్తరంలో రెండుచోట్ల ఉపాయాలు రాశారు. దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. దసరాకు ఆయుధపూజ నాడు బండికి ఆమె చేత కుంకుమ పెట్టించాలన్న ఆలోచన మంచిదే కానీ, ఆమె ఇష్టపడి వస్తేనే దానికి విలువ. మీకు ఇష్టమైనది ఆమెకూ ఇష్టం కానవసరం లేదు. సాయంత్రం ఐదింటికి చేతులు కడుక్కుని పందిరి బయటికి వచ్చేస్తారన్న నమ్మకం కుదిరితే, చాలా వరకు సర్దుకుంటుందని నా ఊహ.

ఇక మిగతా విషయాలలో ఎంపిక మీకే వదిలేస్తాను గానీ, ఒక్క దానిలో మాత్రం నిక్కచ్చిగా చెప్పక తప్పదు: గ్రైండరుతో పాత రంగు గీకడం ఈరోజే ఆపేయండి. 1979 నాటి రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వేసే రంగులలోనే సీసాన్ని పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని మన దేశంలో నిబంధన అమలులోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు దాదాపు నలభై ఏళ్ల ముందు యంత్రాలకు వేసిన రంగు సంగతి వేరే చెప్పనక్కరలేదు. గ్రైండరు ఆ రంగును కంటికి కనబడనంత సన్నని పొడిగా లేపుతుంది. అది మీ బట్టల మీద, గుమ్మం మీద, ఆరేసిన చీరల మీద పడుతుంది. సీసం గర్భిణి ఒంట్లోకి చేరితే బిడ్డకూ చేరుతుంది, పసిపిల్లల మెదడు ఎదుగుదలకు అది హాని చేస్తుంది. మీ అమ్మాయి వచ్చేలోగా ముంగిలిని చీపురుతో ఊడవకుండా తడిబట్టతో రెండు మూడుసార్లు తుడవాలి, పందిరి కింద పైపైన ఉన్న మట్టిని ఎత్తి పారేసి కొత్త మట్టి పోయాలి, పనిబట్టలు విడిగా ఉతకాలి. పాత క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగు పొడిని కూడా గాలి కొట్టి ఊదకండి. ఆ కాలపు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిబట్టతోనే తుడవండి. పక్కింటివారు వచ్చి చెప్పినందుకు మీరు చిన్నబుచ్చుకున్నారు. ధూళి విషయంలో న్యాయం వారి వైపే ఉంది. వెళ్లి ఆ మాట ఒప్పుకుని రండి.

నిజానికి రంగు గీకవలసిన అవసరం ఎంత ఉందన్నది నా అనుమానం. ముందు బంపరు మీద మీ నాన్నగారు అనకాపల్లిలో రాయించిన నూకాంబిక అమ్మవారి పేరు సగం చెరిగి ఉందనీ, దాన్ని గీకేసి కొత్తగా రాయిస్తాననీ అన్నారు. స్టీరింగు చక్రం మీద ఆయన చేతులు పెట్టే రెండు చోట్లా అరిగిపోయి నునుపుదేలిందనీ, దానికీ కొత్త తొడుగు వేస్తాననీ రాశారు. కాస్త ఆగండి. బండిని బాగుచేయడం వేరు, దాన్ని కొత్తదిగా చేయడం వేరు. కొత్త 1035 కావాలంటే షోరూములో దొరుకుతుంది, ఆ పేరుతో బండి ఇప్పటికీ తయారవుతోంది. నాన్నగారి చెయ్యి అరగదీసిన చక్రం మాత్రం ఎక్కడా దొరకదు. మిగిలి ఉన్న పాత రంగును సబ్బునీళ్లతో కడిగి, ఆరాక పలచగా నూనె రాసి వదిలేస్తే ఆ రాతా మిగులుతుంది, ధూళీ లేవదు, రంగు ఖర్చూ తగ్గుతుంది. ఇప్పటికే గీకి ఇనుము బయటపడిన భాగాలను మాత్రం అలా వదలకూడదు. మన విశాఖ గాలిలో తేమకు, ఉప్పుకు ఒట్టి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. శుభ్రం చేసిన రోజే ప్రైమరు పడాలి. బండిని ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పుతున్నారని రాశారు, అదీ మానండి. లోపల చెమ్మ పట్టి పట్టా కిందే ఎక్కువ తుప్పు పడుతుంది. పైన రేకులు ఉన్నాయి కనుక పక్కల నుంచి గాలి ఆడితే చాలు.

ఇప్పుడు అసలు నిర్ణయానికి వద్దాం. ఆ బండి చివరికి ఏం కావాలన్నది మీరు ఇంతవరకూ తేల్చుకోలేదు. అందుకే ఇంజను తిరుగుతుందో లేదో తెలియకముందే నాలుగు టైర్లు కొన్నారు. అయ్యా, మీరు ఫిట్టరు, ఈ మాట నేను చెప్పడం బాగుండదు గానీ, టైర్లు కొనవలసింది ఆఖరున. పని సాగినన్నాళ్లూ అవి నిలబడినచోటే ఎండకు బీటలు వారతాయి. అయిపోయిన కొనుగోలు గురించి ఇంకేమీ అనను; బండిని జాకీ మీద లేపి గట్టి చెక్క దిమ్మల మీద నిలబెట్టి, టైర్లు విప్పి నీడలో పెట్టండి. సుమారు 1,700 కిలోల బండి అది. దాని కింద దూరేటప్పుడు ఒక్క జాకీని నమ్ముకోకండి.

నేను మెకానిక్కును కాను. కాబట్టి గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ట్రాక్టరు ఇంజన్లు విప్పుతున్న ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని, మీ ఉత్తరంలోని సాంకేతిక భాగం చదివి వినిపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, సైలెన్సరు గొట్టం మీద డబ్బా ఉండేదా అని. నిటారుగా నిలబడే సైలెన్సరు నోరు ఆకాశానికి తెరిచి ఉంటుంది కనుక రైతులు బండి ఆపగానే దాని మీద ఒక ఖాళీ డబ్బా బోర్లిస్తారు. షెడ్డు పోయాక మీ బండికి అది లేకపోతే, వాననీళ్లు గొట్టంలోంచి దిగి, ఆ సమయానికి తెరుచుకుని ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా ఒక సిలిండరులోకి చేరి ఉంటాయి. మూడు సిలిండర్లలో చాలాసార్లు పట్టేసేది ఆ ఒక్కటే అని ఆయన అనుభవం. అదే నిజమైతే మొత్తం ఇంజను పాడైనట్టు కాదు.

అది తేలేదాకా ఏ మెకానిక్కుకూ బయానా ఇవ్వకండి. ముందు ఇంజను ఆయిలు కొద్దిగా దింపి చూడండి. ముందుగా నీళ్లు వచ్చినా, ఆయిలు పాలలా తెల్లబడి వచ్చినా లోపలికి నీరు చేరినట్టే. సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్లు మూడూ విప్పి, ఆ రంధ్రాలలోంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, రోజూ కొంచెం కలుపుతూ పది పదిహేను రోజులు నాననివ్వాలి. తరువాత వెనక చక్రాలు మళ్లీ బిగించి, టాప్ గేరులో వేసి, ఒకటి నేల మీద ఉంచి, పైకి లేపిన రెండోదాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఊపాలి. వెంట్రుకవాసి కదిలినా చాలు, కదిలిన వైపే కాక రెండు వైపులా ఊపుతూ పోవాలి. మీలాంటి ఓపికగల వారికి ఇది చక్కని పని. సెల్ఫు కొట్టి తిప్పాలని చూడడం, మరో ట్రాక్టరుకు కట్టి లాగించడం మాత్రం చేయకూడదు. పట్టేసిన పిస్టను రాకపోగా కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నెల రోజులు నానబెట్టినా కదలకపోతే ఇంజను పైమూత అయిన హెడ్డు విప్పి చూడడం తప్పదు. ఏ సిలిండరు పట్టిందో, సిలిండరు లోపలి తొడుగైన లైనరును తుప్పు ఎంత తినేసిందో అప్పుడు కంటికే కనబడుతుంది.

ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి మీ ముందు మూడు దారులుంటాయి.

మొదటిది, బండిని నిలబెట్టి ఉంచడం. ఇంజను తిరిగేలా వదులు చేసి, లోపల నూనె పట్టించి, పైన శుభ్రం చేసి, అక్కడితో ఆగిపోవడం. స్టార్టు చేయరు, రోడ్డెక్కించరు. ఖర్చు ఇకపై నామమాత్రం, పక్కింటివారితో పేచీ ఉండదు, డిసెంబరు నాటికి పని ముగుస్తుంది. దీనిలో కష్టం మీ మనసుకే. ఆ ఇంజను చప్పుడు మళ్లీ వినాలన్న కోరిక మీ ఉత్తరం నిండా ఉంది. అది తీరకుండా బండిని చూస్తూ కూర్చోవడం మీ వల్ల అవుతుందా అన్నది మీకే తెలియాలి.

రెండోది, ఇంజను నడిచేదాకా తీసుకువెళ్లి, రోడ్డు ఊసెత్తకపోవడం. డీజిలు పంపునూ నాజిళ్లనూ విప్పి తీసుకువెళ్లి ఆటోనగర్‌లో పరీక్ష చేయించుకోవచ్చు, మిగతాది మీరే చేసుకోగలరు. నాకు మీ విషయంలో ఇదే సరిపోతుందని అనిపిస్తోంది. పాత డీజిలంతా తీసేసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, డీజిలు గొట్టాలలో చేరిన గాలి తీసి, డీజిలు ఆపి ఉంచి సెల్ఫు తిప్పుతూ ఆయిలు ప్రెషరు ముల్లు లేచేదాకా చూసి, అప్పుడు స్టార్టు చేయాలి. ఆ క్షణానికి రెండు జాగ్రత్తలు ఆటోనగర్ పెద్దమనిషి గట్టిగా చెప్పారు. ఏళ్ల తరబడి కదలని పంపులో డీజిలును అదుపుచేసే భాగం పూర్తిగా తెరిచి ఉన్న స్థితిలోనే పట్టేసి ఉండవచ్చు. అప్పుడు ఇంజను అంటుకోగానే వేగం పెరుగుతూనే పోతుంది, ఆపే తీగ లాగినా ఆగదు. గాలి పీల్చే గొట్టం నోటికి సరిపోయే చదునైన చెక్క ఒకటి చేతిలో ఉంచుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి, వేగం పెరిగితే దానితో నోరు మూసేయాలి. చెయ్యి అడ్డుపెట్టకూడదు. రెండో జాగ్రత్త, నాజిలు నుంచి డీజిలు వస్తోందో లేదో వేలితో చూడకూడదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న చుక్కలాగే కనబడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన గాయం అది. కింద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫు టెర్మినళ్లు కలిపి స్టార్టు చేసే అలవాటు మన ఊళ్లలో ఉంది. గేరులో ఉన్న బండి అలా చేసిన మనిషి మీదికే ఎక్కేస్తుంది. సీటులో కూర్చుని, గేరు న్యూట్రలులో ఉందని చూసుకునే స్టార్టు చేయండి.

ఈ రెండో దారిలో చప్పుడు సంగతి మిగిలిపోతుంది. నివాస ప్రాంతంలో పగటిపూట 55 డెసిబెళ్లు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్లు మించరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. ఏ ట్రాక్టరూ ఆ లెక్కలో ఇమడదు. నెలకు ఒకసారి, ఆదివారం పదకొండింటికి, ముందుగా చెప్పి, పావుగంట నడిపితే ఎవరూ నియమాల పుస్తకం తెరవరు. పసిబిడ్డ ఇంట్లో ఉన్న నెలలలో అదీ వద్దు, పొగ ఒక కారణం, చప్పుడు ఒక కారణం.

మూడోది పూర్తి పునరుద్ధరణ, అంటే నాగలిని ఎత్తే లిఫ్టు, బ్రేకులు, క్లచ్చు, వైరింగు అన్నీ బాగుచేసి, మళ్లీ పొలంలో నాగలి కట్టేదాకా. దీనికి ఏళ్లు పట్టవచ్చు, ఇప్పటిదాకా అయినంత ఖర్చు మళ్లీ అవుతుందనుకోవాలి. ఈ మోడలు విడిభాగాలు తేలికగా దొరకడం మీ అదృష్టం. చెన్నైలో టాఫే అనే ట్రాక్టర్ల కంపెనీ 1960లో మొదలై, మాసీ ఫెర్గూసన్ బండ్లను ఇక్కడే చేయడం వల్ల, ఊరూరా వాటిని విప్పడం వచ్చినవారున్నారు. అదే 2016లో కేంద్రం మూసివేతకు ఒప్పుకున్న హెచ్‌ఎంటీ ట్రాక్టరు మీ చేతికి వచ్చి ఉంటే భాగాల కోసం ఊళ్లు తిరగవలసి వచ్చేది. ఈ దారి ఎంచుకుంటే మాత్రం మీ ముంగిలి దానికి చోటు కాదు. నెల అద్దెకు ఒక షెడ్డో, ఊళ్లో తమ్ముడి చావడో చూసుకోవాలి. అద్దె షెడ్డయితే ఖర్చుతో పాటు మీరు మళ్లీ రోజంతా ఇంట్లో ఉండకపోవడం వస్తుంది. ఆమె అన్న మాట అక్కడ గుర్తుచేసుకోండి.

వేరే ఇంజను పెట్టే సలహా గురించి ఎక్కువ చెప్పను. పనికి కావలసిన బండి అయితే అది తెలివైన పని. ఇది పనికి కావలసిన బండి కాదు. పైగా ఇంజను నంబరు ఆర్సీలో రాసి ఉంటుంది, మారిస్తే రవాణా శాఖ వారి దగ్గర అదొక కొత్త వ్యవహారం.

ఆర్సీ మాట వచ్చింది కనుక తమ్ముడి సంగతి. ఆయన అడిగింది అన్యాయమని మీరు రెండు పేజీలు రాశారు. తుప్పు పట్టినన్నాళ్లూ పట్టించుకోని మనిషి మెరుపు చూడగానే వాటా అడగడం మీకు మంట పుట్టించడం సహజమే. అయినా చట్టం చూసేది పట్టించుకున్నదెవరని కాదు. వీలునామా లేదని మీరే రాశారు. అమ్మగారు నాన్నగారి కన్నా ముందే పోయారు. అప్పుడు హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తి బిడ్డలందరికీ సమానంగా వస్తుంది. బిడ్డలు ఇద్దరు కాదు, ముగ్గురు. తొమ్మిదో పేజీలో "చెల్లెలి పెళ్లి ఊరేగింపు ఈ బండి మీదే" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నర్సీపట్నంలో ఉన్న ఆ చెల్లెలికీ మీతో సమానమైన భాగం ఉంది, ఆమెను ఇంతవరకూ మీరూ అడగలేదు, తమ్ముడూ అడగలేదు.

మీరు ఏమీ ఇవ్వనని భీష్మించవచ్చు. బండి మీ పందిరి కిందే ఉంది కనుక తక్షణం ఎవరూ లాక్కుపోలేరు. కానీ ఆర్సీ మీ పేరుకు మారదు, సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు భోజనాల దగ్గర ఆ ముల్లు ఉంటుంది. మరో మార్గం, పాత ఇనుము వ్యాపారి ఆనాడు చెప్పిన ధరను మూడు భాగాలు చేసి, తమ్ముడికొకటి, చెల్లెలికొకటి ఇచ్చి, ఆ మాట తెల్లకాగితం మీద రాసుకుని ముగ్గురూ సంతకాలు చేయడం. మీరు పెట్టిన ఖర్చు వల్ల పెరిగిన విలువలో వారికి భాగం ఇవ్వనక్కరలేదన్నది న్యాయంగానే కనిపిస్తుంది, తమ్ముడికి నచ్చజెప్పడానికీ వీలుగా ఉంటుంది. ఆయనకు కావలసింది డబ్బు కాకపోవచ్చునని కూడా ఒకసారి ఆలోచించండి. బండి పోతోందన్నప్పుడు ఆయనకు పట్టలేదు, మీ దగ్గర అది బతుకుతోందన్నప్పుడు గుర్తొచ్చింది. తండ్రి మీకే మిగిలిపోతున్నాడన్న భావన కూడా మనుషుల చేత వాటా అడిగిస్తుంది. రెండో దారి ఎంచుకుని ఇంజను మొదటిసారి స్టార్టు చేసే రోజున ఆ చెక్క పట్టుకుని పక్కన నిలబడే మనిషి ఒకరు కావాలన్నాను కదా.

కాగితాల సంగతి క్లుప్తంగా: యజమాని మరణించాక వారసుడు ముప్పై రోజులలో రవాణా శాఖకు తెలిపి, మూడు నెలలలోగా ఆర్సీని తన పేరుకు మార్చమని ఫారం 31తో దరఖాస్తు చేసుకోవాలి. ఆ గడువు ఎప్పుడో దాటింది కనుక ఆలస్యపు రుసుము ఉంటుంది, వారసత్వ పత్రమూ మిగతా ఇద్దరి సమ్మతీ అడుగుతారు. 1979 నాటి అప్పు తీరిపోయినా బ్యాంకు పేరు ఆర్సీ మీద అలాగే ఉండి ఉంటే, దాన్ని తీయించడానికి ఫారం 35 కావాలి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను ఐదేళ్ల చొప్పున పునరుద్ధరించుకోవాలి, అందుకు బండిని తనిఖీకి చూపాలి. మొదటి రెండు దారులలో బండి మీ ఆవరణ దాటదు కనుక ఈ చివరి పనికి తొందర లేదు. బీమా లేకుండా పెందుర్తి జంక్షను దాకా ఒక చుట్టు తిప్పివద్దామన్న సరదా మాత్రం వద్దు.

ఇప్పుడు సెప్టెంబరు. అమ్మాయి రావడానికి మూడు నెలల లోపే ఉంది. ఈ మూడు నెలలలో నానబెట్టే పని, శుభ్రం చేసే పని ముగించి, ఇంజను కదిలిందో లేదో తెలుసుకోవచ్చు. డిసెంబరు నుంచి బిడ్డకు ఐదారు నెలలు వచ్చేదాకా పందిరికి విరామం ఇస్తానని ఇప్పుడే ఇంట్లో చెప్పండి. అప్పుడు ఏ దారో నిర్ణయించుకోవడానికి తీరిక దొరుకుతుంది, ఆ నిర్ణయంలో ఆమె మాట కూడా కలుస్తుంది. తుపానుల నెలలు రాబోతున్నాయి. మీ పందిరి రేకుల కొక్కేలు ఒకసారి బిగించుకోండి, సైలెన్సరు మీద ఒక డబ్బా బోర్లించండి.